పాట మీద హక్కు ఎవరిది?

మన భాషలో "వాగ్గేయకారుడు" అనే మాట ఒకటి ఉన్నది. మాటా బాణీ రెండూ తానే కట్టి, తానే పాడగలవాడు అని దాని అర్థం. అన్నమయ్య, క్షేత్రయ్య, త్యాగయ్య ఈ కోవకు చెందినవారు. వీరి పాటల్లో ఒక ముద్ర ఉంటుంది. వేంకటేశుడి పేరో, మువ్వగోపాలుడి పేరో, త్యాగరాజయితే తన పేరో చరణంలో ఎక్కడో ఒకచోట వినబడి, ఈ పాట ఫలానావారిదని సాక్ష్యం చెబుతుంది. అన్నమయ్య పదాలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమలలో దాచినవారికి పాట ఎవరిదన్న సంశయం లేదు. పాట దేవుడిది, కట్టినవాడు దేవుడి దాసుడు. అంతటితో లెక్క సరి.

దీనికి పూర్తిగా భిన్నమైనది శ్రమచేసేవారి పాట. ఊడుపుల్లో, కోతల్లో, దంపుళ్ల దగ్గర పుట్టిన పాటకు ముద్ర లేదు. ఎవరు మొదలుపెట్టారో, ఎవరు చరణం చేర్చారో ఎవరికీ అక్కరలేదు. అది పనితో పుట్టి పనితో బతికే పాట.

ఇరవయ్యో శతాబ్దపు ద్వితీయార్ధంలో మన నేలమీద మూడో రకం వాగ్గేయకారులు వచ్చారు. వీరికి పేర్లున్నాయి, ఊళ్లున్నాయి, జీవిత చరిత్రలున్నాయి. కాని వీరి బాణీలు ముద్రలేని జనం బాణీలు. జముకుల కథ చెప్పిన సుబ్బారావు పాణిగ్రాహి, ఉత్తరాంధ్ర యాసనే రాగంగా మార్చిన వంగపండు ప్రసాదరావు, గొంగళి కప్పుకొని గజ్జెకట్టిన గద్దర్ ఈ రకంవారు. వీరి పాట ఎవరిది? కట్టినవారిదా, బాణీ ఇచ్చిన జనానిదా, డబ్బిచ్చి వాడుకున్నవారిదా? లేక అసలు ఎవరిదీ కాదా? పైకి ఇది న్యాయవాదులు తేల్చుకోవలసిన విషయంలాగా కనిపిస్తుంది. నేను మాత్రం దీన్ని నైతిక ప్రశ్నగానే తీసుకుంటున్నాను. మనిషిని ఇంటినుంచి బయటికి రమ్మని పిలిచే పాటకు ఎవరు పూచీపడతారన్నది ఇందులో ఇమిడి ఉన్నది గనుక.

వంగపండు జీవితాన్నే ముందు తీసుకుంటాను. ఆయన 1943లో పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టాడు. కొండలు కనిపించే ఊరు. పంట మైదానానిది, గాలి కొండది. విశాఖలో నౌకానిర్మాణ కేంద్రంలో కార్మికుడుగా పనిచేశాడు. శ్రీకాకుళ గిరిజన పోరాటం చుట్టూ ఉత్తరాంధ్ర ఉడికిపోతున్న రోజులవి. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర, గిరిజన సంఘ మహాసభకు పోతున్న కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు భూస్వాముల తుపాకులకు బలి అయినారు. ఆ తరువాతి సంవత్సరాలు పాటకు పుట్టుక పోసిన సంవత్సరాలు. 1972లో జననాట్యమండలి ఏర్పడినప్పుడు దాని స్థాపకుల్లో వంగపండు ఒకడు. ఆయన "భూమి భాగోతం" ఊరూరా ఆడింది. యంత్రం ఎలా నడుస్తున్నదో చెప్పే పాటలో కార్మికుడుగా తన చేతికి తెలిసినదంతా ఉన్నది. ఇక "ఏం పిల్లడో ఎల్దమొస్తవ" గురించి చెప్పనక్కరలేదు. ఆ పాట తెలియని తెలుగు జిల్లా లేదు. అది 1986లో ఆర్. నారాయణమూర్తి తీసిన "అర్ధరాత్రి స్వతంత్రం" చిత్రానికి ఎక్కింది. 2009లో "మగధీర" చిత్రంలోని ఒక నృత్యగీతంలో దాని పల్లవి వినబడింది. వంగపండు అభ్యంతరం చెప్పాడు, అనుమతి ప్రశ్న బహిరంగ చర్చకు వచ్చింది. 2017లో రాష్ట్ర ప్రభుత్వం ఆయనకు కళారత్న పురస్కారం ఇచ్చింది. 2020 ఆగస్టు 4న ఆయన కన్నుమూశాడు.

2009 నాటి అభ్యంతరం గురించి మన మిత్రుల్లో రెండు రకాల వ్యాఖ్యలు విన్నాను. ఒకరన్నారు: "ప్రజల బాణీ తీసుకొని పాట కట్టినవాడు, ఇంకొకడు ఆ పాట తీసుకుంటే నాదని అడగటమేమిటి? సొంత ఆస్తి వద్దన్నవాళ్లకు పాట మాత్రం సొంత ఆస్తి ఎట్లా అవుతుంది?" మరొకరన్నారు: "చట్టం ఉన్నది. కట్టినవాడిది పాట. అడగకుండా తీసుకుంటే దొంగతనమే. ఇందులో ఆలోచించవలసిందేమున్నది?" ఈ రెండు సమాధానాలూ సులభమైనవి. రెండింటిలోనూ కొంత సత్యం లేకపోలేదు. అయినా రెండూ ప్రశ్నను తాకకుండానే దాటిపోతున్నాయని నా అభిప్రాయం.

మొదటిదాన్ని చూద్దాం. "ప్రజల పాట ఎవరిదీ కాదు" అనే మాటను పెదబయలు ప్రాంతంలో పెట్టి పరీక్షిస్తే దాని బలమూ బలహీనతా రెండూ తెలుస్తాయి. మత్స్యగెడ్డ ఒడ్డున ఉన్న ఈ ఊళ్లలో భగతలు, కొండదొరలు, వాల్మీకులు, కోందులు, పోర్జలు, కోటియాలు పక్కపక్కన బతుకుతున్నారు. ఇళ్లలో తెలుగుతోపాటు ఆదివాసీ ఒడియా వినిపిస్తుంది, కువి వినిపిస్తుంది. పండగనాడు మోరి, కిరిడి, తుడుము, డప్పు, జోడుకొమ్ములు మోగితే ఆడవాళ్లు ఒకరి నడుము ఒకరు పట్టుకొని థింసాకు వరస కడతారు. చైత్రంలో ఇటుకల పండగకు మగవాళ్లు వేటకు పోతే, ఆడవాళ్లు దారికి అడ్డం కర్ర పెట్టి వచ్చేపోయేవారి దగ్గర పజోరు అడుగుతారు, అప్పుడూ పాటే. నేను ఈ ప్రాంతంలో బడిపంతులుగా ఉన్న రోజుల్లో ఒక నడివయసు స్త్రీని, ఆమె పాడిన పాట ఎవరు కట్టారని అడిగాను. "కట్టినోడేటి మేస్టారూ, పాడినోల్లదే గదా పాట" అన్నది. తరువాత కాస్త ఆలోచించి, ఆ పాట తమ ఊరికి ఏ ఊరి కోడలితో వచ్చిందో చెప్పింది.

ఈ జవాబులోని రెండో భాగాన్ని మనం సాధారణంగా వినిపించుకోం. మొదటి భాగం విని, "చూశారా, సామూహిక సృష్టి! యజమాని లేని కళ!" అని సంతోషించి రాసుకుంటాం. కాని ఆమె చెప్పినది పాటకు యజమాని లేడని మాత్రమే. ఆనవాలు లేదని కాదు. ఫలానా ఊరిది, ఫలానా కోడలు తెచ్చింది, ఫలానా పండగకు పాడతాం, ఫలానా రోజున పాడం. ఆ పాటకు కాపలా ఉన్నది. వరసలో నిలబడ్డవారంతా దానికి కాపలాదారులే. పాడటానికి అందరికీ హక్కు ఉన్నదంటే, ఆ వరసలో నిలబడి, ఆ ఊరి మంచిచెడ్డల్లో భాగం పంచుకొనే అందరికీ అని అర్థం. దారినపోయే ఎవరికైనా అని కాదు.

ఈ తేడా చిన్నది కాదు. మన్యంలో "ఎవరిదీ కాదు" అన్న మాటకు ఒక చరిత్ర ఉన్నది. పోడు కొట్టి పండించుకొన్న కొండకు పట్టా లేదు. పట్టా లేదు గనుక ఎవరిదీ కాదు. ఎవరిదీ కాదు గనుక సర్కారుది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం వెనక ఉన్న తర్కం ఇదే. తరతరాలుగా ఉమ్మడిగా అనుభవించినదాన్ని అనాథ వస్తువుగా లెక్కకట్టి రిజర్వు చేశారు. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట మన్యం లేచి నిలబడిందంటే, ఆ ఆగ్రహంలో ఈ అడవి బాధ ప్రధాన భాగం. ఆ తర్కం తప్పని ఒప్పుకోవటానికి దేశానికి 2006 నాటి అటవీ హక్కుల చట్టం దాకా పట్టింది. ఉమ్మడిది అంటే ఎవరిదీ కాదని అర్థం చెప్పటం దోచుకునేవాడికి అనుకూలమైన వ్యాకరణం. భూమి విషయంలో ఆ వ్యాకరణాన్ని తిరస్కరించే మనమే పాట విషయంలో దాన్ని వల్లించటం విచిత్రం కాదా?

అయితే రెండో సమాధానమే సరి అని ఒప్పుకుందామా? 1957 నాటి కాపీహక్కు చట్టం ప్రకారం మాట కట్టినవాడికీ బాణీ కట్టినవాడికీ జీవితకాలమూ, ఆ తరువాత 60 సంవత్సరాలూ హక్కు ఉంటుంది. చలనచిత్రాల విషయంలో ఈ హక్కు చాలాకాలం కాగితం మీదనే ఉండి, ఆచరణలో నిర్మాతల చేతికి పోయేది. 2012లో చేసిన సవరణ గీతరచయితకూ సంగీతకర్తకూ వారి పాట తెచ్చే రాబడిలో వదులుకోవటానికి వీలులేని వాటా చూపింది. ఇది మంచి మార్పే. కాని ఈ చట్టం మత్స్యగెడ్డ ఒడ్డున పాడిన స్త్రీని గుర్తించదు. ఆమె బాణీకి కర్త లేడు, తేదీ లేదు, అచ్చయిన కాగితం లేదు. ఆ బాణీని ఎవరైనా తీసుకొని రెండు వాయిద్యాలు చేర్చితే, ఆ క్షణంనుంచీ అతను కర్త అవుతాడు. అంటే చట్టం ఒక చేత్తో వంగపండుకు ఇచ్చిన రక్షణే, ఇంకో చేత్తో ఆదివాసీ పాటను తీసుకోవటానికి తలుపు తెరుస్తున్నది.

సొంత ఆస్తిగా మారిన పాటకు ఏ గతి పడుతుందో తెలుసుకోవాలంటే ఒకసారి ఫ్రాన్సు వెళ్లి రావాలి. అక్కడ జరిగిన ఒక కథ మన వాదానికి అద్దం వంటిది. 1871లో పారిస్ కమ్యూన్ రక్తపు మడుగులో కూలిపోయిన తరువాత, తలదాచుకొని ఉన్న యూజీన్ పోతియే "ఇంటర్నేషనల్" గీతం రాశాడు. 1887లో ఆయన చనిపోయాడు. నేడు లోకమంతా ఎరిగిన బాణీలో తన గీతాన్ని ఆయన ఎన్నడూ వినలేదు. మరుసటి సంవత్సరం, 1888లో, లీల్ నగరంలో కొయ్యపని చేసే కార్మికుడు పియేర్ డెగేటర్ దానికి ఆ బాణీ కట్టాడు. కార్మిక గాయక బృందం పాడింది. యజమానులు పని ఊడబెరుకుతారన్న జాగ్రత్తతో అచ్చు ప్రతి మీద ఇంటిపేరు మాత్రమే వేశారు. ఆ ఇంటిపేరు ఆయన సోదరుడు అడాల్ఫ్‌కు కూడా ఉన్నది గదా! పాట లోకమంతా పాకిన తరువాత బాణీ నాదేనని ఆ సోదరుడు ముందుకు వచ్చాడు. వ్యాజ్యం నడిచింది. 1914లో పియేర్ ఓడిపోయాడు. అడాల్ఫ్ ఆత్మహత్య చేసుకునే ముందు బాణీ తనది కాదని ఉత్తరం రాసిపెట్టాడు. ఆ ఉత్తరం ఆధారంగా 1922లో పియేర్ గెలిచాడు. అప్పటికి ఆయనకు డెబ్బయి దాటాయి.

ఇంతవరకు కథ న్యాయం గెలిచిన కథ. తరువాతి భాగం వినండి. డెగేటర్ 1932లో చనిపోయినా, ఫ్రాన్సులో ఆ బాణీ మీద ఆస్తి హక్కు 2017 దాకా నడిచింది. 2005లో ఒక ఫ్రెంచి చలనచిత్రంలో ఒకరు ఆ బాణీని కొన్ని క్షణాలు ఈలవేసినందుకు 1,000 యూరోలు కట్టమని అడిగారు. ప్రపంచ కార్మికులంతా తమదనుకొన్న గీతాన్ని ఈల వేయటానికి రుసుము! పియేర్ డెగేటర్ కోర్టుకు పోయింది దీనికోసం కాదు. ఆయన కోరినది పాట మీద తన పేరు. ఆయన వెనక మిగిలినది పాట మీద సుంకం. పేరు వేరు, సుంకం వేరు. మొదటిదాన్ని సాధించే మార్గం రెండోదానిగుండానే పోవలసి రావటం ఈ వ్యవస్థ లక్షణం.

కనుక సొంత ఆస్తిని నిరాకరించే మిత్రులతో నేనొకటి మనవి చేస్తాను. మార్క్సు గాయనిని ఉదాహరణగా తీసుకొని చెప్పిన మాట గుర్తుతెచ్చుకోండి. పక్షిలాగా తన ఆనందంకోసం పాడే గాయని పెట్టుబడి దృష్టిలో ఉత్పాదక కార్మికురాలు కాదు. అదే గాయనిని ఒక వ్యాపారి కుదుర్చుకొని, డబ్బుకోసం పాడిస్తే ఆమె ఉత్పాదక కార్మికురాలవుతుంది, ఆమె పాట అతని పెట్టుబడిని పెంచుతుంది. పాట అదే, గొంతు అదే, సంబంధం మారింది. దీన్నిబట్టి మన ప్రశ్న కొంత విడిపోతుంది. వంగపండు పాటను పల్లెలో కూలివాడు పాడుకుంటే ఆయన ఎవరినీ ఏమీ అడగలేదు. అనుమతి లేకుండా వేలమంది పాడారు. అది ఆయన గర్వం. అదే పాట పెట్టుబడి చేతిలో సరుకయినప్పుడు ఆయన అడిగాడు. ఇందులో వైరుధ్యమేమీ లేదు. ఆస్తిపరుడు ఇద్దరినీ అడుగుతాడు. శ్రామికుడు రెండోవాణ్ణే అడుగుతాడు.

అయినా ఇక్కడితో ఆగితే ప్రశ్న కూలిడబ్బుల లెక్కగా మిగిలిపోతుంది. డబ్బు ముట్టి ఉంటే ఏ తప్పూ జరగనట్టేనా? నాకు అలా తోచటం లేదు.

మళ్లీ ఒకసారి ఫ్రాన్సు. జాన్ బాప్తీస్త్ క్లెమాన్ అనే కవి 1866లో చెర్రీపండ్ల కాలం గురించి ఒక ప్రేమగీతం రాశాడు. కొద్దికాలానికే దానికి బాణీ కుదిరింది. అయిదేళ్ల తరువాత కమ్యూన్ వచ్చింది. క్లెమాన్ అందులో పోరాడాడు. కమ్యూన్ కూలిన తరువాత జనం ఆ ప్రేమగీతంలో ఓడిపోయిన వసంతాన్ని చూసుకొన్నారు. పాటలో ఒక్క అక్షరం మారలేదు. అది ప్రేమగీతంగానే ఉంటూ, చనిపోయినవారి జ్ఞాపకగీతం అయింది. అంటే ప్రేమపాట పోరుపాట కావచ్చునన్నమాట. దానికి ఎవరూ అభ్యంతరం చెప్పరు. అట్లాగైతే పోరుపాట ప్రేమపాట అయితే మాత్రం తప్పేమిటి?

ప్రేమ పోరాటంకన్నా తక్కువది గనుక తప్పు అని కొందరంటారు. ఈ వాదాన్ని నేను ఒప్పుకోను. వంగపండు పల్లవిలోనే చెలిమి ఉన్నది, చిలిపితనం ఉన్నది. అవి లేకపోతే ఆ పాట అంతమంది నోట పడి ఉండేది కాదు. తేడా వేరే చోట ఉన్నది. క్లెమాన్ పాటకు కొత్త అర్థం చేర్చినవారు తమ బతుకుతో చేర్చారు. వారు దానిమీద రాబడి చూసుకోలేదు. వంగపండు పల్లవి తెరకెక్కినప్పుడు జరిగింది అర్థం చేర్చటం కాదు, అర్థం దులపటం. నలభై ఏళ్లుగా జనం నోట నలిగి ఆ పల్లవికి పట్టిన బలం ఉన్నదే, దాన్ని ఉంచుకొని, ఆ బలం ఎక్కడినుంచి వచ్చిందో దాన్ని వదిలేశారు. వినేవాడి ఒళ్లు ఝల్లుమనటం కావాలి. ఎందుకు ఝల్లుమంటున్నదో అక్కరలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వచ్చాం. ఆ పాట "వెళ్దాం, వస్తావా" అని అడుగుతున్నది. ఎక్కడికి? శ్రీకాకుళం కొండలకు. ఆ రోజుల్లో ఆ కొండలకు పోవటమంటే ఏమిటో అందరికీ తెలుసు. బొడ్డపాడు గుడిలో పూజారిగా ఉండి, జముకుల కథ కట్టి ఊళ్లు తిరిగిన సుబ్బారావు పాణిగ్రాహి 1969 డిసెంబరులో పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. బడిపంతులుగా కొండలెక్కిన వెంపటాపు సత్యం, ఆయన సహచరుడు ఆదిభట్ల కైలాసం 1970 జులైలో చనిపోయారు. అటువంటి చోటికి ఒకణ్ణి పిలవటం మామూలు మాట కాదు. అందుచేత నేననేది ఇది: సాధారణమైన పాటకు కర్త పేరు లేకపోయినా నష్టం లేదు. ప్రమాదంలోకి పిలిచే పాటకు మాత్రం పేరు ఉండి తీరాలి. ఆ పేరు కీర్తికోసం కాదు, జవాబుకోసం. "నన్ను పిలిచింది ఎవరు?" అని రేపు ఒక తల్లో తండ్రో అడిగితే, "నేనే" అనటానికి ఒక మనిషి ఉండాలి. పాట మీద హక్కు అని మనం అంటున్నదానికి నైతికమైన పునాది ఈ జవాబుదారీతనమే. పాట ఫలం అందరిదీ. పాట పూచీ కట్టినవాడిది. ఈ రెండింటినీ కలిపి ఒకే మాటతో "యాజమాన్యం" అన్నందువల్లనే ఇంత గందరగోళం.

ఈ దృష్టితో చూస్తే పాణిగ్రాహి తన పూచీని ప్రాణంతో చెల్లించాడు. మరి వంగపండు 77 ఏళ్లు బతికాడు గదా, ఆయన పిలుపు అబద్ధమా అని అడిగేవారున్నారు. ఇది క్రూరమైన ప్రశ్న, కాని అడగరాని ప్రశ్న కాదు. నా సమాధానం ఇది. గాయకుడు చనిపోతేనే పాట నిజమవుతుందనే వాదం కళను బలిపీఠం చేస్తుంది. అది మన వాదం కాకూడదు. చూడవలసింది ఆ పిలుపు రూపాన్ని. ఆయన "పో" అనలేదు, "వెళ్దాం" అన్నాడు. అదీ ఆజ్ఞగా అనలేదు, "వస్తావా" అని అడిగాడు. వెళ్దాం అనటంలో తాను కూడా ఉన్నాడు. వస్తావా అనటంలో రానని చెప్పే స్వేచ్ఛ ఎదుటివాడికి ఉన్నది. పిలుపు పాటకు నీతి అంటూ ఉంటే ఈ రెండే దాని సూత్రాలు. తాను వెనక నిలబడి ఇతరులను ముందుకు తోసే పాటా, కాదనే వీలులేకుండా ఒత్తిడి చేసే పాటా ఎంత ఎర్రగా ఉన్నా ఆజ్ఞాపత్రాలే.

ఈ మాట నేను తీరికగా అనటం లేదు. పెదబయలు, ముంచింగిపుట్టు కొండల్లో పిలుపుల ఖరీదు ఈ శతాబ్దంలో కూడా కట్టారు. 2016 అక్టోబరులో సరిహద్దుకు అవతల రామగూడ దగ్గర పోలీసు కాల్పుల్లో ముప్పయిమంది వరకు చనిపోయారు. వారిలో ఈ కొండల పిల్లలూ ఉన్నారు. 2018 సెప్టెంబరులో డుంబ్రిగుడ మండలం లివిటిపుట్టు దగ్గర మావోయిస్టులు కాల్చి చంపిన శాసనసభ్యుడు కిడారి సర్వేశ్వరరావూ, మాజీ శాసనసభ్యుడు సివేరి సోమా ఇద్దరూ ఈ కొండల గిరిజనులే. ఇటు చనిపోయినా అటు చనిపోయినా ఏడ్చినవారు కొండవారే. మైదానంలో సభ పెట్టి పిలుపు పాట పాడి, చప్పట్లు కొట్టి, రాత్రి బస్సుకు ఇల్లు చేరుకొనే మనం ఈ లెక్కను ఎదురుగా పెట్టుకొని మరీ పాడాలి. పాట మానమని నేననటం లేదు. భూమికోసం, అడవికోసం అడగవలసింది ఇంకా మిగిలే ఉన్నది. అడిగే పాట కావలసే ఉన్నది. ఎవరిని ఎక్కడికి పిలుస్తున్నామో, మనం ఎంతదాకా వెంట నడవగలమో తెలుసుకొని పాడాలంటున్నాను.

2017 పురస్కారం సంగతి కూడా ఈ కొలతతోనే తేలుతుంది. ఒకప్పుడు ఏ పాట పాడితే అనుమానించారో ఆ పాటగాడికే రాజ్యం శాలువా కప్పింది. ఇది ఆయన లొంగుబాటు అని కొందరు, ప్రజల గెలుపు అని కొందరు అన్నారు. వస్తుతః పురస్కారం చేసే పని ఒకటే: పాటను పాటగాడినుంచి విడదీసి, పాటగాణ్ణి గౌరవించి, పాట అడిగిన ప్రశ్నను పక్కన పెట్టటం. చలనచిత్రం పల్లవిని ఉంచుకొని పిలుపును వదిలేసింది. రాజ్యం పేరును ఉంచుకొని పిలుపును వదిలేసింది. ముసలితనంలో ఒక కళాకారుడు గౌరవం అందుకొన్నాడని ఆయన్ను నిందించటంకన్నా, ఆ వదిలేసిన భాగాన్ని ఎవరు పట్టుకొన్నారని మనల్ని మనం ప్రశ్నించుకోవటం మేలు.

ఇక మిగిలింది మొదటి బాకీ, అంటే బాణీ బాకీ. మైదానపు వాగ్గేయకారుడు తన పేరుకోసం అడగగలిగాడు. పత్రికలున్నాయి, మిత్రులున్నారు, చట్టం ఉన్నది. మత్స్యగెడ్డ ఒడ్డున పాడిన స్త్రీకి ఏమున్నది? ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1959లో ఒక నిబంధన వచ్చింది. దాన్ని గట్టిచేస్తూ 1970లో 1/70 వచ్చింది. ఆ చట్టాన్ని నిలబెట్టుకోవటానికి ఇక్కడి జనం చాలా పోరాడారు. పాటకు కూడా ఒక 1/70 కావాలా? కొండ బాణీ కొండ దిగరాదని శాసించాలా? అక్కరలేదనే నా భావం. భూమి ఒకరు తీసుకుంటే ఇంకొకరికి లేకుండా పోతుంది. పాట అట్లా పోదు. దిగువన పదిమంది పాడినంతమాత్రాన ఎగువన ఒక్క గొంతూ తగ్గదు. పాటకు కంచె వేస్తే, ఫలానా ఊరి కోడలితో పాట వచ్చిందని చెప్పిన ఆమె సంప్రదాయానికే అది విరుద్ధం. కోడళ్లు రావాలి, పాటలు రావాలి.

కాని కోడలు ఏ ఊరినుంచి వచ్చిందో ఆ ఊరు మరిచిపోదు. పుట్టింటి పేరు చెరిపేసి కోడల్ని తెచ్చుకోవటాన్ని పెళ్లి అనరు. అరకు లోయలో పర్యాటకుల ముందు థింసా ఆడుతున్నారు; ఆడినవారికి కూలి ముడుతున్నది. కూలి ముట్టటం మంచిదే. కాని చూసేవాడికి అది ఏ పండగ ఆటో తెలియదు, ఏ భాష పాటో తెలియదు. చలనచిత్రం వంగపండు పల్లవికి చేసినదే ఇక్కడ ప్రతి సాయంత్రమూ జరుగుతున్నది. వంగపండుకు జరిగినదానికి బాధపడి, దీన్ని "జానపద కళా ప్రదర్శన" అని చప్పట్లతో దాటేస్తే మన బాధ నమ్మదగినది కాదు.

ఈ పత్రిక చదివే ఉపాధ్యాయులకూ విద్యార్థులకూ ఇందులో చేయవలసిన పని ఉన్నది. మనలో చాలామంది వేసవి సెలవుల్లో కొండలెక్కి పాటలు సేకరిస్తున్నారు. కొందరు వాటి బాణీల్లో కొత్త మాటలు కట్టి సభల్లో పాడుతున్నారు. సేకరించినప్పుడు "గిరిజన గీతం" అని రాసి ఊరుకోవద్దు. ఏ ఊరు, ఏ తెగ, ఏ భాష, ఏ పండగ, పాడినవారు పేరు చెప్పమంటే వారి పేరు, వద్దంటే కనీసం వారి ఊరు రాయాలి. పాడవద్దన్న పాటను పాడకూడదు. కొత్త మాటలు కట్టినవారు ఆ పాటను ముందుగా బాణీ ఇచ్చిన ఊళ్లోనే పాడి వినిపించాలి. "మా బాణీ మీద ఈ మాటలు మాకొద్దు" అని వారంటే వినాలి. పాట డబ్బు తెస్తే ఆ డబ్బులో ఊరికి వాటా పోవాలి. బడిలో పిల్లలకు ఆ పాటను దాని భాషలోనే నేర్పాలి. వీటిలో ఏ ఒక్కదానికీ చట్టం రానక్కరలేదు, ప్రభుత్వ ఉత్తర్వు అక్కరలేదు.

అన్నమయ్య పాట మీద దేవుడి ముద్ర ఉన్నది. డెగేటర్ పాట మీద సగం పేరు మాత్రమే వేసినందుకు ఆయన జీవితమంతా మూల్యం చెల్లించాడు. వంగపండు పాట మీద ఆయన పేరు ఉన్నది, దాన్ని ఆయన ఎన్నడూ దాచుకోలేదు. కొండ పాట మీద ఒక ఊరి పేరు ఉన్నది. దాన్ని చదవటం మనకు ఇంకా రాలేదు. అది చదవటం వచ్చేదాకా, ప్రజల పాట ప్రజలదే అని మనం ఎంత గట్టిగా అన్నా, ఏ ప్రజలు అన్న ప్రశ్న మన ఎదుట నిలబడే ఉంటుంది.